మాత్ర వేసుకున్నా వైరస్ కణాల్లోంచి బయటికి వస్తుందట, మరి నేను భయపడకూడదా?

కృష్ణా జిల్లా నుంచి ఒకావిడ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. వయసు 31. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నారు. పెళ్లయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. భర్త ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తారు. ఏడాదిన్నర కిందట ఆయనకు విడవని జ్వరం, దగ్గు వస్తే క్షయ అని తేలింది. క్షయ ఉన్నవాళ్లకు మామూలుగా చేసే హెచ్ఐవీ పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. ఈవిడకు అప్పటి నుంచి మూడుసార్లు పరీక్ష చేశారు. మూడుసార్లూ నెగటివే.

క్షయ తగ్గిపోయింది. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలో (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) ఇచ్చే టీఎల్‌డీ మాత్ర ఆయన రోజూ ఒకటి వేసుకుంటున్నారు. ఆరో నెలలోనూ, ఏడాదికీ చేసిన వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్షల్లో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ దొరకలేదు అని వచ్చింది. ఇక మీరిద్దరూ మామూలుగా ఉండొచ్చని కౌన్సెలర్ చెప్పారట. ఈవిడ ఉండలేకపోతున్నారు. ఎమ్మెస్సీలో చూసిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫోటో ఒకటి మనసులో నాటుకుపోయింది: రోగనిరోధక కణం, దాని అంచంతా బుడిపెలు బుడిపెలుగా పొడుచుకొస్తున్న హెచ్ఐవీ. “ఆయన పక్కన కూర్చుంటే నాకు మనిషి కనపడడు మేడమ్, ఆ ఫోటో కనపడుతుంది” అని రాశారు.

భర్త సంగతి తెలిశాక పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశారు. నాలుగు అనుమానాలు పట్టుకున్నాయి. టీఎల్‌డీలో ఉన్న ఏ మందూ వైరస్ తయారీనిగానీ, కణంలోంచి బయటికి రావడాన్నిగానీ ఆపదు, మరి ఆ వైరస్‌లన్నీ ఏమవుతున్నాయి? మాక్రోఫేజ్‌లనే పెద్ద రోగనిరోధక కణాల్లో వైరస్ లోపలి గదుల్లో దాక్కుంటుందంటారు, అది రక్తపరీక్షకు దొరుకుతుందా? ఒక కణం నుంచి పక్క కణానికి నేరుగా అంటుకుంటుందంటారు, అప్పుడు రక్తంలోకి రాకుండానే పాకిపోతుంది కదా? రక్తంలో లేకపోయినా వీర్యంలో ఉంటే?

ఇంట్లో పరిస్థితి ఇదీ: ఏడాదిన్నరగా వేర్వేరు గదులు. ఆయన కంచం, గ్లాసు, సబ్బు వేరు చేశారు. చేసినందుకు సిగ్గుగానూ ఉందంటారు. కలిసుండే అత్తగారికి హెచ్ఐవీ సంగతి తెలియదు. మనవడి కోసం కోడలిని గుళ్లచుట్టూ, సంతాన సాఫల్య కేంద్రాల చుట్టూ తిప్పాలని చూస్తున్నారు. ఈవిడ తట్టుకోలేక తన అన్నయ్యకు చెప్పుకున్నారు, ఆయన విడాకులు తీసుకోమంటున్నారు. ఈమధ్య ఒక బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, మందుసీసా ఎవరి కంటైనా పడుతుందని భర్త దాన్ని ఇంట్లోనే వదిలేసి నాలుగు రోజులు మాత్రలు మానేశారు. రెండో వైరల్ లోడ్ పరీక్ష అయ్యాక జరిగింది ఇది. “నన్ను వదిలేసి వెళ్లిపో, నీ బతుకు నువ్వు చూసుకో” అని ఆయనే ఒకసారి అన్నారట. జబ్బు ఎలా వచ్చిందంటే “పెళ్లికి ముందుదే” అని ఒక్క మాట చెప్పారు. ఈవిడ ఆపైన అడగలేదు.

నా భయం మూర్ఖత్వమా, పిల్లల్ని కనొచ్చా, అత్తగారికి చెప్పాలా, ఉండాలా వెళ్లాలా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీరు చదివినదాంట్లో తప్పేమీ లేదు. టీఎల్‌డీ మాత్రలో మూడు మందులుంటాయి. టెనోఫోవిర్, లామివుడిన్ అనే రెండూ వైరస్ ఆర్ఎన్ఏ డీఎన్ఏగా మారకుండా అడ్డుకుంటాయి. డోల్యుటెగ్రావిర్ ఆ డీఎన్ఏ వెళ్లి మన క్రోమోజోములో అతుక్కోకుండా చూస్తుంది. మూడూ వైరస్ కొత్త కణంలోకి దిగిన తొలిదశలో పనిచేసేవే. అప్పటికే వైరస్ డీఎన్ఏ అతుక్కుపోయిన కణాన్ని ఇవేమీ చేయలేవు. ఆ కణం వైరస్‌ను తయారుచేస్తుంది, బయటికి వదులుతుంది. కౌన్సెలర్లు ఇంత లోతుకు వెళ్లరు, చాలామందికి ఆ అవసరమూ ఉండదు. మీకు ఉంది కాబట్టి ఆ ఫోటోలో జరుగుతున్నదేమిటో మొదటి నుంచీ చూద్దాం. మీకు తెలిసిన సంగతులే కొన్ని మళ్లీ వస్తాయి, ఇది చదివే మిగతావాళ్ల కోసం.

హెచ్ఐవీ ముఖ్యంగా దాడిచేసే రోగనిరోధక కణాన్ని సీడీ4 కణం అంటారు. సోకిన సీడీ4 కణంలో వైరస్ జన్యువులు పని మొదలుపెట్టాక పెద్దయెత్తున తయారయ్యేది గ్యాగ్ అనే పొడవాటి ప్రోటీన్. ఒక్క వైరస్ రేణువు కట్టడానికి ఇలాంటివి రెండు వేల పైచిలుకు కావాలి. గ్యాగ్ ఒక కొసకు మిరిస్టిక్ ఆమ్లమనే చిన్న కొవ్వు తోక ఉంటుంది. కణం పైపొర లోపలివైపున ఉండే పీఐపీ2 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుని, తోకను పొరలోకి దించి, గ్యాగ్ అక్కడ కుదురుకుంటుంది. ఇంకో కొస వైపున్న న్యూక్లియోక్యాప్సిడ్ భాగం వైరస్ ఆర్ఎన్ఏ మీద ‘సై’ అనే గుర్తును వెతికి పట్టుకుని రెండు ప్రతులను తెచ్చుకుంటుంది. కణం నిండా మన ఆర్ఎన్ఏలు కిక్కిరిసి ఉండగా అది తనకు కావలసిన రెండింటినే ఎలా ఏరుకుంటుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మధ్యనున్న క్యాప్సిడ్ భాగాలు ఆరేసి చొప్పున జతకడుతూ పోతాయి. అలా జతకడుతున్నకొద్దీ పొర బయటికి ఉబ్బుతుంది. మీ ఫోటోలో కనిపించిన బుడిపె అదే. గ్యాగ్‌లు ఇలా ఒకచోట చేరడం మొదలయ్యాక బుడిపె తయారుకావడానికి నిమిషాలే పడుతుంది.

బుడిపె చేయడం వరకే వైరస్‌కు వచ్చు. మెడ దగ్గర తెంపుకుని విడిపోవడం దానికి చేతకాదు. ఆ పని మన కణం చేతే చేయించుకుంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు చివరి బంధాన్ని తెంపడానికీ, ఇంకా కొన్ని లోపలి పనులకూ ఎస్కార్ట్ అనే ప్రోటీన్ల బృందం ఒకటి ఉంది. గ్యాగ్ చివర పీ6 అనే ముక్కలో పీటీఏపీ అనే నాలుగు అమైనో ఆమ్లాల వరస ఉంటుంది. దాన్ని చూపించి వైరస్ ఆ బృందంలోని టీఎస్‌జీ101ను పిలుస్తుంది. ఈ సంగతి 2001లో బయటపడింది. ప్రయోగశాలలో ఆ వరసను చెడగొడితే వైరస్‌లు పూర్తిగా తయారై కూడా పొరకే వేలాడుతూ ఉండిపోతాయి. ఈ ద్వారాన్నే మందుతో మూసేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఎస్కార్ట్ మన సొంత యంత్రాంగం, దాన్ని ఆపితే మన కణాలకే చేటు. అందుకే ఆ దారిలో మందు తేవడం అంత తేలిక కాలేదు.

మన శరీరమూ చూస్తూ ఊరుకోదు. టెథరిన్ అనే ప్రోటీన్ ఒక కొసతో కణాన్నీ, ఇంకో కొసతో వైరస్ పొరనూ పట్టుకుని దాన్ని కదలనివ్వదు. హెచ్ఐవీ తన వీపీయూ ప్రోటీన్‌తో ఆ టెథరిన్‌ను తప్పిస్తుంది. 2008లో తేలిన విషయం ఇది. ఈ పెనుగులాట గురించి చెప్పుకుంటూ పోతే పేజీ చాలదు.

మీకు అసలు పనికొచ్చేది ఆ తర్వాతి ఘట్టం. అలా తెగి బయటపడ్డ రేణువు ఇంకా పచ్చిది, ఎవరికీ సోకే శక్తి దానికి లేదు. లోపలున్న ప్రోటియేజ్ అనే ఎంజైము గ్యాగ్‌ను ముక్కలు ముక్కలుగా కోయాలి. కోశాక క్యాప్సిడ్ ముక్కలు మళ్లీ కూడి శంకువు ఆకారంలో ఒక గూడు కట్టాలి. ఆరు భుజాల పలకలు సుమారు 250, వాటి మధ్య సరిగ్గా 12 అయిదు భుజాలవి పడితేనే ఆ శంకువు మూసుకుంటుంది. అప్పుడే అది సోకే వైరస్. 1995లో అమెరికాలో అనుమతి పొందిన సాక్వినావిర్, తర్వాత వచ్చిన లోపినావిర్, అటాజనావిర్ లాంటివి ఈ కోతనే ఆపుతాయి. కణం వైరస్‌ను వదులుతూనే ఉంటుంది, కానీ వచ్చేవన్నీ పచ్చివిగానే మిగిలిపోతాయి. టీఎల్‌డీ పనిచేయని వాళ్లకు మన ఏఆర్‌టీ కేంద్రాలు ఇచ్చే రెండో వరస మందుల్లో ఇవి ఉంటాయి. ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్ క్యాప్సిడ్ మీదే పనిచేసి, వైరస్ ప్రయాణాన్నీ కూర్పునూ రెండింటినీ చెడగొడుతుంది. అంటే కూర్పు దశను దెబ్బతీసే మందులు లేకపోలేదు. మీవారికి ప్రస్తుతం వాటి అవసరం పడలేదంతే.

ఎందుకు పడలేదు? మీ మొదటి అనుమానానికి జవాబు అక్కడే ఉంది. చికిత్స లేని మనిషిలో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్ రేణువులు పుడతాయని 1996లో లెక్కకట్టారు. ఆ లెక్కలోనే ఇంకో రెండు అంకెలున్నాయి, వాటిని చాలామంది గుర్తుపెట్టుకోరు. వైరస్‌ను జోరుగా తయారుచేసే సీడీ4 కణం సగటున రెండు రోజులే బతుకుతుంది. రక్తంలోకి వచ్చిన రేణువుల్లో సగం ఆరు గంటల్లోపే తుడిచిపెట్టుకుపోతాయి. వైరస్ నిలబడాలంటే ప్రతిరోజూ కొత్త కణాలకు సోకుతూ ఉండాలి. పొలంలో కలుపు మాదిరే ఇది. మీవారి మాత్ర మొలిచిన కలుపును పీకదు, గింజ రాలకుండానూ ఆపదు. రాలిన గింజను మొలవనివ్వదు. మొలిచిన మొక్క ఆయుష్షు రెండు రోజులే అయినప్పుడు, కొత్తది మొలవకపోతే చేను తనంతట తనే ఖాళీ అవుతుంది. ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అంటే అది. ఆ వైరస్‌లన్నీ ఎక్కడికో వెళ్లి దాక్కోలేదు. వాటిని తయారుచేసే కణాలు చచ్చిపోయాయి, వాటి స్థానంలోకి కొత్తవి రాలేదు.

అయితే మట్టి అడుగున నిద్రపోయే గింజలు కొన్ని మిగులుతాయి. వైరస్ డీఎన్ఏను మోస్తూ ఏ పనీ చేయకుండా పడి ఉండే జ్ఞాపక సీడీ4 కణాలవి, అంటే పాత జబ్బులను గుర్తుపెట్టుకునే కణాలు. లక్షల్లో ఒకటో అరో. వాటి సంఖ్య సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుంది. అందుకే హెచ్ఐవీ మందులతో అదుపులో ఉంటుంది, నయం కాదు. అప్పుడప్పుడూ వాటిలో ఒకటి లేచి కాసిని వైరస్‌లను వదులుతుంది. పరిశోధనల్లో వాడే అతి సున్నితమైన పరీక్షలకు మిల్లీలీటరు రక్తంలో ఒకటీ రెండూ కనిపిస్తాయి కూడా. రాలినవి మొలవవు, అంతటితో ఆ కథ ఆగిపోతుంది. కాబట్టి “బయటికి వస్తోంది కదా” అన్న మీ మాట అక్షరాలా నిజం. “కాబట్టి నాకు సోకుతుంది” అన్న తర్వాతి మాటే నిలవదు.

మాక్రోఫేజ్‌ల సంగతి. వాటిలో వైరస్ లోపలి గదుల్లో పోగుపడినట్టు కనిపిస్తుంది, నిజమే. అయితే వాటిలో చాలావరకు కణం పైపొరే లోపలికి మడతలు పడి ఏర్పడినవని, సన్నని సందులతో బయటి ప్రపంచంతో కలిసే ఉంటాయని తర్వాత తేలింది. మాక్రోఫేజ్‌లు సీడీ4 కణాలకన్నా ఎక్కువ రోజులు బతుకుతాయి. కానీ కొత్త మాక్రోఫేజ్‌కు సోకాలన్నా వైరస్ అదే ఆర్ఎన్ఏ, డీఎన్ఏ దారిలోనే వెళ్లాలి. మందు కాపలా ఉన్నది సరిగ్గా అక్కడే.

కణం నుంచి కణానికి పాకడమూ అంతే. సోకిన కణం పక్క కణానికి ఆనుకుని ఆ సందులోకి వైరస్‌లను వదలడం ప్రయోగశాలల్లో మైక్రోస్కోపు కింద చూసిన విషయమే. కానీ ఆ పక్క కణంలోనూ మందు ఉంది. చాటుగా అలా పాకుతూనే ఉంటే, హెచ్ఐవీ అడుగడుగునా పొరపాట్లతో నకలయ్యే వైరస్ కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ కొత్త మార్పులు పోగుపడాలి, మందులకు లొంగని రకాలు పుట్టాలి. మందులు సరిగ్గా వాడేవాళ్లలో జరిగిన చాలా పరిశోధనల్లో అలాంటి పోగు కనిపించలేదు.

వీర్యం గురించి మీ అనుమానం మిగతావాటికన్నా బలమైనదని ఒప్పుకోవాలి. రక్తంలో దొరకకపోయినా వీర్యంలో అడపాదడపా వైరస్ ఆర్ఎన్ఏ కనిపించిన సందర్భాలున్నాయి. ఆర్ఎన్ఏ ముక్క దొరకడమూ, సోకే వైరస్ ఉండడమూ ఒకటి కావన్నది ఒక జవాబు. కానీ మీలా చదువుకున్నవాళ్లను అది పూర్తిగా తృప్తిపరచదు. ఇలాంటిచోట కణాల వాదన ఆపేసి జంటల్ని చూడాలి. యూరప్‌లో పార్ట్‌నర్ అనే అధ్యయనంలో ఒకరికి హెచ్ఐవీ ఉండి ఒకరికి లేని 888 జంటలను గమనించారు. అందులో 548 ఆడ, మగ జంటలు. కండోమ్ లేకుండా కలిసేవాళ్లే అందరూ, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులతో వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 200 లోపు ఉంది. 2016లో ఫలితాలు వచ్చాయి. ఆ కాలంలో 11 మందికి కొత్తగా హెచ్ఐవీ వచ్చింది. వైరస్ జన్యువులు పోల్చి చూస్తే ఆ పదకొండులో ఒక్కటి కూడా తమ భాగస్వామి దగ్గర్నుంచి వచ్చింది కాదు. వీర్యంలో ఉండే వైరస్, మాక్రోఫేజ్‌లలో ఉండే వైరస్, మీరు భయపడే ప్రతి దారీ ఆ జంటల మధ్యా ఉంది. వాటిలో ఏ దారినా సోకలేదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, క్రమంగా మందులు వాడుతూ వైరస్ గుర్తించలేని స్థాయిలో ఉన్నవాళ్ల నుంచి లైంగిక భాగస్వామికి సోకే ముప్పు సున్నా అని రాసింది. డాక్టర్లు, ముఖ్యంగా సంస్థలు, ‘సున్నా’ అన్న మాట అంత తేలిగ్గా వాడరు.

దీనికి హద్దు ఒకటుంది. మన చెన్నై, పుణేలతో సహా తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనంలో, చికిత్సలో ఉన్న కొందరి నుంచి భాగస్వాములకు సోకింది. అవన్నీ వైరస్ ఇంకా అణగకముందో, మందు పనిచేయడం మానేశాకో జరిగినవి. స్థిరంగా అణిగి ఉన్నప్పుడు ఒక్కటీ లేదు. అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆపింది మాక్రోఫేజ్‌లు కాదు, ఆ పెళ్లికి వెళ్లిన నాలుగు రోజులు.

మందు పూర్తిగా మానేసిన చాలామందిలో రెండు మూడు వారాల్లో వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. అప్పటిదాకా నిద్రపోయిన కణాలు వదిలే వైరస్‌కు అడ్డు ఉండదు మరి. నాలుగు రోజులు, అదీ ఒక్కసారి, డోల్యుటెగ్రావిర్ మీద ఉన్న మనిషికి పెద్ద ప్రమాదం తెచ్చిపెట్టి ఉండదు. కానీ ఆ మానేయడానికి కారణమైన భయం అలాగే ఉంది, ఇంకో పెళ్లి వస్తుంది, ఇంకో గృహప్రవేశం వస్తుంది. జరిగింది ఆయనే కేంద్రంలో దాచకుండా చెప్పి, మళ్లీ వైరల్ లోడ్ చేయించుకోవాలి. అక్కడ ఆలస్యమైతే బయట లేబొరేటరీలోనైనా చేయించవచ్చు, కాస్త ఖర్చవుతుంది. ప్రయాణాలకు సీసా మోయక్కర్లేదు, రెండు మూడు రోజులకు సరిపడా మాత్రలు తడి తగలని చిన్న డబ్బీలో చొక్కా జేబులో పడతాయి. ఇంతటి సమస్యకు పరిష్కారం ఒక డబ్బీ అంటే మీకు నవ్వు రావచ్చు. చాలా ఇళ్లలో మందు ఆగేది ఇలాంటి చిన్న చిన్న సిగ్గుల దగ్గరే.

కంచం, గ్లాసు, సబ్బు, ఒకే బాత్రూం, ఒకే మంచం, వీటితో హెచ్ఐవీ రాదు. చికిత్స లేని మనిషి నుంచైనా రాదు. గడ్డం గీసుకునే బ్లేడు, టూత్‌బ్రష్ వేరుగా ఉండాలి, అవి ఎవరింట్లోనైనా వేరుగానే ఉండాలి. ఆయన రక్తదానం చేయకూడదు, వైరల్ లోడ్ ఎంత తక్కువైనా సరే. కంచం సంగతి ఇవాళే సరిదిద్దండి. దానికి ఏ పరీక్షా రావక్కర్లేదు.

ఇక దగ్గరితనం, పిల్లలు. కొత్త వైరల్ లోడ్ రిపోర్టు మళ్లీ శుభ్రంగా వస్తే మీ ముందు ఒకటికి మించి దారులున్నాయి. ఆ రిపోర్టునే నమ్ముకుని మామూలు దాంపత్యం చేయడం ఒకటి. సైన్సు దీనికి పూర్తిగా అండగా ఉంది, మీ మనసు ఉందో లేదో మీరే చెప్పాలి. మనసు ఒప్పుకోకపోతే కొంతకాలం కండోమ్ వాడుకోండి, తప్పేమీ లేదు. దానితో ముట్టుకోవడం మళ్లీ అలవాటవుతుంది, కానీ బిడ్డ వాయిదా పడుతుంది. ఇంకో దారి, మీరే ప్రెప్ మాత్ర వేసుకోవడం. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబీన్ కలిసిన మాత్రను హెచ్ఐవీ లేనివాళ్లు రోజూ వేసుకుంటే వైరస్ శరీరంలో పాదుకోలేదు. నాకో విధంగా ఇది మీలాంటివాళ్లకు నప్పుతుందనిపిస్తుంది, ఎందుకంటే రక్షణ ఎదుటివాళ్ల క్రమశిక్షణ మీద కాక మీ చేతిలో ఉంటుంది. మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ లేదని నిర్ధారించుకోవాలి, మూత్రపిండాల పనితీరు, హెపటైటిస్ బి చూడాలి, ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్షలు. వైద్యసలహా లేకుండా కొనుక్కుని వేసుకునే మందు కాదు. ఆయన వైరల్ లోడ్ స్థిరంగా అణిగి ఉంటే వైద్యపరంగా దీని అవసరం లేదు. నెమ్మది కోసం కొన్నాళ్లు వాడి ఆపేసేవాళ్లూ ఉన్నారు.

బిడ్డ గురించి ఒక మాట మీకు ఎవరూ స్పష్టంగా చెప్పినట్టు లేదు. తండ్రి నుంచి బిడ్డకు హెచ్ఐవీ నేరుగా రాదు. తల్లికి సోకితేనే తల్లి నుంచి రావాలి. మీరు నెగటివ్‌గా ఉన్నంతకాలం మీ కడుపులో బిడ్డకు ఆ ప్రశ్నే లేదు. వైరస్ అణిగి ఉన్నప్పుడు అండం విడుదలయ్యే రోజులు చూసుకుని మామూలుగానే ప్రయత్నించవచ్చు. వీర్యాన్ని శుభ్రపరచి గర్భాశయంలో ప్రవేశపెట్టే పద్ధతి కూడా ఉంది. మందులు ఇంత బాగా పనిచేయని రోజుల్లో దానికి విలువ ఎక్కువ. ఇప్పుడు ఖర్చుకు తగ్గ అదనపు రక్షణ ఇస్తుందని నేననుకోను. సంతాన సాఫల్య కేంద్రానికి వెళితే వాళ్లు ఎలాగూ ఇద్దరికీ హెచ్ఐవీ పరీక్ష అడుగుతారు, అత్తగారు పక్కనుండగా ఆ కౌంటరు దగ్గర నిలబడే పరిస్థితి మాత్రం తెచ్చుకోకండి.

అత్తగారికి చెప్పాలా అన్నారు. అది మీ రహస్యం కాదమ్మా, ఆయనది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, నమ్మకంతో తెలిసిన ఇలాంటి సంగతిని ఆ మనిషి సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదంటుంది. మీ అన్నయ్యకు చెప్పేముందు మీవారిని అడిగినట్టు ఉత్తరంలో లేదు. మీరు తట్టుకోలేకే చెప్పుకున్నారు, అర్థమవుతోంది. కానీ ఆ సంగతి ఇప్పుడు ఆయనకు తెలియాలి, అదీ మీ నోటితోనే. తల్లికి చెప్పడమా మానడమా ఆయన తేల్చుకోవాలి. చెబితే ఆవిడ కుంగిపోవచ్చు, మిమ్మల్నే అనవచ్చు, చుట్టాల దాకా పాకవచ్చు. లేదా గుళ్లూ ఆస్పత్రులూ ఆగిపోయి, మందు దాచుకునే బాధ తప్పి, ఇల్లు ఊపిరి పీల్చుకోవచ్చు. చెప్పకపోతే, పిల్లలు ఆలస్యం కావడానికి కారణం కోడలన్న నింద మాత్రం మీ మీద పడకూడదు. “నాకు క్షయ మందులు వాడారు కదా, మేం కొన్నాళ్లు ఆగుదామనుకుంటున్నాం, ఇక దాన్ని ఊరికే అడగకు” అని ఆయనే తల్లితో అనాలి. అబద్ధం లేని మాట, మిమ్మల్ని కాచే మాట. అదికూడా అనలేకపోతే, మీరు ఆలోచించుకోవలసినది వైరస్ గురించి కాదు.

ఉండాలా వెళ్లాలా అన్నదానికి నా దగ్గర తీర్పు లేదు. నాకు కనిపించింది చెబుతాను. మీ ఉత్తరంలో గ్యాగ్ గురించి, మాక్రోఫేజ్‌ల గురించి పేజీలున్నాయి. మీవారి గురించి ఉన్నవి మూడు సంగతులు: మాత్ర మానేశారు, వెళ్లిపొమ్మన్నారు, పెళ్లికి ముందుదే అన్నారు. ఆ మూడోదాని దగ్గర మీరు ఆగిపోయారు. వైరస్ భయం తగ్గితే ఆ ప్రశ్న అడగాల్సి వస్తుందని, మీకు తెలియకుండానే భయాన్ని పట్టుకుని ఉన్నారేమో అనిపించింది. నా ఊహ తప్పయితే పక్కన పెట్టేయండి. నిజమైతే మాత్రం, సున్నా ముప్పు అన్న రిపోర్టు చేతికొచ్చాక కూడా మీరు ఆయన గదిలోకి వెళ్లలేరు. అది మీ జబ్బూ కాదు, మీ తప్పూ కాదు. కోపం ఉన్నచోట కోపం ఉంటుంది.

ఆయన మాట వైద్యపరంగా నమ్మదగినదే. చికిత్స లేకపోతే హెచ్ఐవీ క్షయ దాకా రావడానికి చాలాసార్లు ఏళ్లు పడుతుంది, పెళ్లికి ముందే సోకి ఉండడానికి అవకాశం బాగా ఉంది. కానీ ఫలానా నెలలో సోకిందని చెప్పే పరీక్ష లేదు, మీకు ఏ లేబొరేటరీ ఆ నిశ్చింత ఇవ్వలేదు. మీకు ఇన్నాళ్లూ రాకపోవడమూ ఆయన అబద్ధమాడారనడానికి రుజువు కాదు, చికిత్స లేనప్పుడు కూడా ఒక్కో కలయికలో మగవాళ్ల నుంచి ఆడవాళ్లకు సోకే అవకాశం సుమారు వెయ్యిలో ఒకటి. పెళ్లికి ముందే ఆయనకు తెలుసా, తెలిసి దాచారా? అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. తెలియకపోవడమూ, తెలిసి దాచడమూ మీ నిర్ణయంలో ఒకే బరువు తూగవు. ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌ను ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టమని అడగవచ్చు. ఇంట్లో, పక్కగదిలో అత్తగారు ఉండగా, ఈ మాట సాగదు.

విన్న తర్వాత విడిపోవాలనిపిస్తే అదీ మీ హక్కే, అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పరస్పర అంగీకారంతో అయితే జబ్బు పేరు కాగితాల్లోకి రాకుండానే ముగించవచ్చు. జబ్బును కారణంగా చూపితే వాదన కోర్టులో నడుస్తుంది, ‘అంటుకునే స్థితిలో ఉన్న సుఖవ్యాధి’ అని విడాకుల చట్టంలో ఉన్న మాట వైరస్ గుర్తించలేని స్థాయిలో ఉన్న మనిషికి వర్తిస్తుందా అన్నది న్యాయవాదితో మాట్లాడాలి. మారుపేరుతో, మూసిన తలుపుల వెనక విచారణ కోరే వీలు హెచ్ఐవీ చట్టంలో ఉంది. ఉండిపోవాలనిపిస్తే, పైన చెప్పినవాటిలో మీకు కుదిరిన దారి పట్టండి. ఇప్పుడే ఏదీ తేల్చుకోలేనంటే కొత్త రిపోర్టు వచ్చేదాకా, ఆ మాట అడిగేదాకా వాయిదా వేయండి. అన్నయ్య తొందరపెడుతున్నారని మాత్రం తేల్చకండి. ఆయన ప్రేమ నిజమే, ఆయనకు తెలిసిన హెచ్ఐవీ బహుశా పాతికేళ్ల కిందటిది.

ఈలోగా ఎవరితోనైనా పేరు చెప్పకుండా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. కేంద్రానికి వెళ్లినప్పుడు ఈ నాలుగు అనుమానాలూ కాగితం మీద రాసుకుని డాక్టరుగారి ముందు పెట్టండి. కౌన్సెలర్‌కు తెలియకపోయినా ఆయనకు తెలుస్తాయి. మాత్ర మానేసిన సంగతి మాత్రం మీవారే స్వయంగా చెప్పాలి, మీరు చెప్పకండి.